వగరు ఉండగా సీసా ఎందుకు, మాస్టారూ?

ప్రశ్న: నా వయసు 66. లెక్కల మాస్టారుగా పనిచేసి ఆరేళ్ల కిందట రిటైరయ్యాను. మాది తెనాలి. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ఈసారి సెలవులకు వస్తూ రెస్వెరట్రాల్ అనే మాత్రలు మూడు సీసాలు తెచ్చాడు. ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థమట, రోజుకొకటి వేసుకుంటే ముసలితనం దగ్గరికి రాదట. ఒక్కో మాత్ర 500 మిల్లీగ్రాములు. ఎటూ తేల్చుకోలేక నెల రోజులుగా సీసాలను బీరువాలోనే ఉంచాను. నేను బీపీకి ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వాడుతున్నాను. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద గంట నడుస్తాను. మా ఆవిడకు షుగర్. పండంటే భయం, అరటిపండు ముక్క కూడా ముట్టదు. వాట్సాప్‌లో ఒకరు దానిమ్మ అంటారు, ఒకరు ఉసిరి, ఇంకొకరు నేరేడు. నిజంగా వయసును ఆపే పండు ఏదైనా ఉందా? మా పెరట్లో పంపర పనస చెట్టుంది, రోజూ అదే తింటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు:

మాస్టారూ, నమస్కారం. సీసాలు బీరువాలో పెట్టి మంచి పని చేశారు. వాటిని అక్కడే ఉండనివ్వండి. ఎందుకో చెప్పేముందు, మీ నాలుకకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి ఒకటి గుర్తుచేస్తాను.

ఉగాది పచ్చడిలో వగరు కోసం మామిడి పిందె వేస్తాం. పచ్చి జామకాయ కొరికినా, నేరేడు పళ్లు నాలుగు తిన్నా, దానిమ్మ గింజల మధ్య ఉండే పసుపు పొర పంటికింద పడినా నోరు పట్టేస్తుంది కదా, అదే వగరు. మనం రుచి అంటాం గానీ అందులో సగం స్పర్శే. కాయలోని టానిన్లు మన లాలాజలంలో ఉండే ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. దాంతో నోటిలోని జారుడు పోయి నాలుక గరుకుగా తగులుతుంది. ఈ టానిన్లు, నేరేడుకు ఆ ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు, ఉల్లిపాయలోనూ యాపిల్ తొక్కలోనూ ఉండే క్వెర్సెటిన్, మీ సీసాలో ఉన్న రెస్వెరట్రాల్, అన్నీ పాలీఫినాల్స్ అనే ఒకే పెద్ద కుటుంబంలోవి. చెట్టు వీటిని మన ఆయుష్షు కోసం తయారుచేసుకోలేదు. పురుగు తినకుండా, ఎండకు కమిలిపోకుండా, బూజు పట్టకుండా తన కోసం చేసుకుంది. గింజ ముదరకముందే ఎవరూ కోసుకు తినకుండా పచ్చికాయను వగరుగా ఉంచుతుంది. ద్రాక్ష కూడా అంతే, బూజు సోకినప్పుడే రెస్వెరట్రాల్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది.

మరి చెట్టు తనకోసం చేసుకున్న మందు మనకెలా పనిచేస్తుంది? చాలాకాలం చెప్పిన జవాబు యాంటీఆక్సిడెంట్. 1956లో డెన్హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని అణువులు కణాలను నెమ్మదిగా పాడుచేయడమే ముసలితనం అన్నాడు. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి: ఇనుముకు తుప్పు, మనిషికి ముసలితనం. తుప్పు పట్టనివ్వని పదార్థం మింగితే సరి! ఆ మాట పట్టుకుని లోకమంతా విటమిన్ గోలీలు మింగింది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారట్‌లో ఉన్నప్పుడు ఏ హానీ చేయని పదార్థమే అది. ఏ పండులో ఎంత యాంటీఆక్సిడెంట్ బలం ఉందో చెప్పే పట్టికను ఒకప్పుడు అమెరికా వ్యవసాయ శాఖే నెట్‌లో పెట్టింది. పరీక్ష నాళికలో కనిపించిన బలానికీ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని, పైగా కంపెనీలు దాన్ని అమ్మకాలకు వాడుకుంటున్నాయని 2012లో తీసేసింది. ఆ పట్టికలోని అంకెలు మాత్రం ఇప్పటికీ మీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఎక్కువమంది చెప్పే జవాబు వేరు. ఈ పదార్థాలు మన కణాలకు కొద్దిపాటి చేదుమందు లాంటివి. ఒళ్లు వీటిని పరాయివిగానే చూస్తుంది, వదిలించుకోవడానికి తన సొంత రక్షణ వ్యవస్థను నిద్రలేపుతుంది. లాభం ఆ నిద్రలేపడంలో ఉంది. ఇది కొద్ది మోతాదులో, రకరకాలుగా, రోజూ జరిగే పని. ఒకే పదార్థాన్ని గుప్పెడు మింగితే అదే జరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

ఇక మీ సీసా కథ. 1991లో అమెరికాలో ఒక టీవీ కార్యక్రమంలో ఫ్రెంచి వాళ్లు వెన్న, మాంసం అంత తిన్నా గుండెజబ్బులు తక్కువేనని, దానికి కారణం రెడ్ వైన్ కావచ్చని చెప్పారు. వెంటనే అక్కడ వైన్ అమ్మకాలు ఎగబాకాయి. ఆ మరుసటేడు వైన్‌లో రెస్వెరట్రాల్ ఉందని తేలింది. 2003లో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ సింక్లెయిర్ బృందం ఈస్ట్ కణాల ఆయుష్షును రెస్వెరట్రాల్ 70 శాతం దాకా పెంచిందని ప్రకటించింది. 2006లో ఎలుకల వంతు వచ్చింది. బాగా కొవ్వు పెట్టి లావెక్కించిన ఎలుకలకు ఇది ఇస్తే అవి ఇవ్వనివాటికంటే ఆరోగ్యంగా, ఎక్కువ కాలం బతికాయి. సింక్లెయిర్ కూడా కలిసి పెట్టిన సర్‌ట్రిస్ అనే చిన్న కంపెనీని 2008లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ 72 కోట్ల డాలర్లకు కొనేసింది.

మీరు లెక్కల మాస్టారు, ఇక్కడ ఒక లెక్క చేద్దాం. ఆ ఎలుకలకు ఇచ్చింది రోజుకు కిలో బరువుకు 22.4 మిల్లీగ్రాములు. మీ బరువు 70 కిలోలు అనుకుంటే 1,568 మిల్లీగ్రాములు. లీటరు రెడ్ వైన్‌లో ఉండేది మామూలుగా రెండు మూడు మిల్లీగ్రాములు. అంటే రోజుకు 500 లీటర్ల పైచిలుకు! ఎలుక మోతాదును మనిషికి అలా నేరుగా బరువుతో హెచ్చించకూడదని, దాదాపు పన్నెండో వంతు తీసుకోవాలని శాస్త్రవేత్తలు అంటారు. సరే, అలా చూసినా 40 లీటర్ల పైమాటే. అందుకే వైన్‌ను వదిలేసి మాత్ర చేశారు. మీ 500 మిల్లీగ్రాముల మాత్ర ఆ పన్నెండో వంతును దాటేస్తుంది కూడా. మోతాదు అందింది. మరి ఫలితం?

ఫలితం దగ్గరే కథ అడ్డం తిరిగింది. 2008లో మామూలు తిండి తినే ఎలుకల మీద చూస్తే ఆయుష్షు పెరగలేదు. అమెరికాలోని వార్ధక్య పరిశోధన సంస్థ ఇలాంటి మందులను మూడు వేర్వేరు ప్రయోగశాలల్లో ఒకేసారి పరీక్షిస్తుంది, ఒకచోట పొరపాటు జరిగినా మిగతా చోట్ల దొరికిపోవాలని. అక్కడా రెస్వెరట్రాల్ ఫెయిలైంది. 2013లో గ్లాక్సో ఆ కంపెనీని మూసేసి మిగిలిన పనిని తనలో కలిపేసుకుంది. ఇటలీలో కియాంటి వైన్ పుట్టే ప్రాంతంలో 65 దాటిన 783 మందిని తొమ్మిదేళ్లు గమనించారు. మూత్రంలో రెస్వెరట్రాల్ ఆనవాళ్లు ఎక్కువున్నవారికీ తక్కువున్నవారికీ మరణాల్లో తేడా లేదని 2014లో తేల్చారు. వైన్ ఊళ్లోనే ఆ మాట వచ్చాక ఇంకేం మిగిలింది?

మీకు మరీ దగ్గరగా తగిలేది డెన్మార్క్ పరీక్ష. 65 ఏళ్ల అటూ ఇటూ ఉన్న 27 మంది మగవాళ్లు, అంటే ఇంచుమించు మీ ఈడువాళ్లే, ఎనిమిది వారాలు గట్టిగా వ్యాయామం చేశారు. సగంమందికి రోజూ 250 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్, మిగతావారికి ఉత్త మాత్ర. ఉత్త మాత్ర వాళ్లకు వ్యాయామం వల్ల దమ్ము బాగా పెరిగింది, కొలెస్ట్రాల్ తగ్గింది. రెస్వెరట్రాల్ వాళ్లకు ఆ లాభాల్లో కొన్ని తగ్గాయి, కొన్ని అసలు రానేలేదు. మీరు కాలవ గట్టు మీద రోజూ గంటసేపు సంపాదించుకునేదాన్ని ఈ మాత్ర కాజేసే ప్రమాదం ఉంది, అదీ మీ అబ్బాయి డబ్బుతో.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకు గ్రాము చొప్పున నాలుగు వారాలు ఇచ్చినప్పుడు, ఒంట్లో మందులను విడగొట్టే ఒక ముఖ్యమైన ఎంజైమ్ మందగించింది. మీరు వేసుకునే అటోర్వాస్టాటిన్‌ను విడగొట్టేది కూడా ఆ ఎంజైమే. మీ మోతాదు అందులో సగమే కావచ్చు, కానీ లేని లాభం కోసం ఆ రిస్క్ ఎందుకు? అబ్బాయి మనసు నొచ్చుకుంటుందేమో అనుకుంటే, నా మాత్రలతో పడదట నాయనా అని చెప్పండి. అబద్ధమేమీ కాదు.

అయితే పండ్ల సంగతి అంతా డొల్లేనా అంటే కాదు. డెన్మార్క్‌లోనే 56,048 మందిని 23 ఏళ్లు గమనించిన పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది. పాలీఫినాల్స్‌లో ఒక శాఖ అయిన ఫ్లేవనాయిడ్లు తిండిలో ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు, క్యాన్సర్ మరణాలు తక్కువగా కనిపించాయి. నాకు అందులో నచ్చింది ఏమిటంటే, రోజుకు 500 మిల్లీగ్రాముల దగ్గర గ్రాఫ్‌లో మొత్తం మరణాల గీత ఇక దిగకుండా చదునైపోయింది, ఆ పైన ఎంత తిన్నా అదనపు లాభం పెద్దగా కనబడలేదు. ఒక కప్పు టీ, ఒక యాపిల్, ఒక నారింజ, కొన్ని బ్లూబెర్రీలు, కాస్త బ్రొకోలీ కలిస్తే ఆ 500 దాటిపోతుందని వాళ్లే చెప్పారు. బ్రొకోలీ, బ్లూబెర్రీలు మనకు అక్కర్లేదు. ఉల్లిపాయ, జామ, నేరేడు, గోంగూర ఉన్నాయి. ఇది గమనించి చెప్పిన మాట, పరీక్ష పెట్టి తేల్చిన మాట కాదు. పండ్లు తినేవాళ్లు మామూలుగానే ఒళ్లు జాగ్రత్తగా చూసుకునేవాళ్లు అయి ఉండవచ్చు, ఆ తేడాను లెక్కలోంచి పూర్తిగా తీసేయడం కష్టం. అయినా పండు తినమనడానికి ఈమాత్రం చాలు. మాత్ర మింగమనడానికి చాలదు.

ఏ పండు అన్నారు. ముందు దానిమ్మ. దీని కథ నాకు భలే ఇష్టం, ఎందుకంటే ఇందులో హీరో పండు కాదు, మన పేగులు. దానిమ్మలోని టానిన్లు చాలావరకు అలాగే పేగు కిందిదాకా వెళ్తాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి యూరోలిథిన్ ఎ అనే కొత్త పదార్థాన్ని చేస్తుంది. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో పాడైపోయినవాటిని ఊడ్చేసే పనిని ఇది చురుకు చేస్తుంది. 2016లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మూడు వారాలు బతికే ఒక చిన్న పురుగుకు దీన్ని ఇస్తే దాని ఆయుష్షు 45 శాతం పెరిగింది. మనుషుల్లో? 65 నుంచి 90 ఏళ్ల వాళ్లకు నాలుగు నెలలు ఇచ్చి చూస్తే కండరాల ఓర్పు పెరిగింది గానీ, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్న పరీక్షలో ఉత్త మాత్ర వాళ్లకంటే మెరుగు ఏమీ కనబడలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ పదార్థాన్ని తగినంత తయారుచేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ లేదు. ఒక పరీక్షలో దానిమ్మ రసం తాగినవారిలో నూటికి నలభై మందికే ఆ భాగ్యం. ఒకే ఇంట్లో ఒకే పండు తిన్న ఇద్దరిలో ఒకరికి అందేది మరొకరికి అందకపోవచ్చు. అందుకే దానిమ్మ తింటే ఇన్నేళ్లు పెరుగుతాయి అని ఎవరైనా అంకె చెబితే, మాస్టారూ, ఆ లెక్కకు సున్నా మార్కులు వేయండి.

ఉసిరి. ముసలి చ్యవనుడిని అశ్వినీ దేవతలు యువకుణ్ణి చేసిన కథ మనకు తెలిసిందే, చ్యవనప్రాశకు ఆ పేరు అలా వచ్చింది. చరకుడు వయసును నిలిపేవాటిలో ఉసిరే మేటి అన్నాడు. విటమిన్ సి, టానిన్లు రెండూ దండిగా ఉన్న కాయ అది, అందుకే అంత పులుపూ అంత వగరూ. కాకపోతే చ్యవనప్రాశలో ఉసిరితో పాటు పంచదార పాకమూ దండిగా ఉంటుంది, మీ ఇంటావిడకు అది వద్దు. పచ్చికాయను రోటి పచ్చడి చేసుకోండి, లేదా ముక్కలకు కాస్త ఉప్పు రాసి అన్నంలో నంజుకోండి, మీకు బీపీ కాబట్టి ఆ ఉప్పు కూడా చూసుకుని. ఆయుష్షు సంగతి దేవుడెరుగు, అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగడం ఖాయం.

నేరేడు దొరికినన్నాళ్లు తినండి. గింజల పొడి షుగర్‌కు మందని చెబుతారు, దాన్ని నమ్మి ఆవిడ మాత్రలు మాత్రం ఆపొద్దు.

నాకు అసలు బెంగ వేరే ఉంది. మనం వగరును ఇంట్లోంచి వెళ్లగొడుతున్నాం. జామ అంటే తియ్యగా ఉండాలి, గింజ ఉండకూడదు. ద్రాక్షకు గింజ వద్దు, యాపిల్‌కు తొక్క వద్దు. మా అమ్మమ్మ దోరజామను నాలుగు చెక్కలు చేసి ఉప్పూకారం అద్ది ఇచ్చేది, పిల్లలం మూతులు ముడుచుకుంటూనే తినేవాళ్లం. ఇప్పుడు ఆ వగరునే గుళికల్లో నింపి సముద్రాలు దాటించి మనకే అమ్ముతున్నారు. నేనూ ఒకసారి ద్రాక్ష గింజల సారం అని ఒక సీసా కొన్నాను లెండి. సగం వాడాక, ద్రాక్ష గింజలు ఉమ్మేస్తూ ఆ గుళిక మింగుతున్నానని గుర్తొచ్చి నవ్వొచ్చి ఆపేశాను.

మీ ఇంటావిడ భయం గురించి. చైనాలో 5 లక్షల మందికి పైగా జనాన్ని ఏడేళ్లు గమనించారు. రోజూ తాజా పండు తినేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు, పండు దాదాపు తిననివారి కంటే 40 శాతం తక్కువగా కనిపించాయి. ఆమెకు చదివి వినిపించాల్సింది ఆ తర్వాత 2017లో వచ్చిన భాగం. అప్పటికే షుగర్ ఉన్నవారిలో కూడా పండు తినేవారికి మరణాలూ, రక్తనాళాల చిక్కులూ తక్కువగానే ఉన్నాయి. షుగర్ ఉంటే పండు విషం అన్న మాటకు ఆధారం లేదు. ఎంత, ఏ రూపంలో అన్నదే ప్రశ్న. 2013లో అమెరికాలో 1,87,382 మంది వైద్య సిబ్బంది తిండి లెక్కలు చూస్తే, ద్రాక్ష, యాపిల్ లాంటివి పండుగా తిన్నవారికి షుగర్ వచ్చే అవకాశం తగ్గింది, పండ్ల రసం తాగినవారికి పెరిగింది. పండు అదే, మిక్సీలో పడి వడపోత దాటగానే పీచు పోయింది, నమలడం పోయింది, నాలుగు పండ్ల చక్కెర రెండు గుక్కల్లో దిగింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవారికి రోజుకు 100 గ్రాముల పండ్లు, 400 గ్రాముల కూరగాయలు అని ఉంది. వంద గ్రాములంటే ఓ చిన్న జామకాయ, అంతే. ఆవిడను దోరజామతో మొదలుపెట్టమనండి. అన్నం తిన్న వెంటనే కాకుండా, సాయంత్రం బిస్కెట్లు తినే వేళకు బిస్కెట్ల బదులు. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకుని రాసిపెట్టమనండి. నాలుగు రోజుల అంకెలు చూస్తే ఆవిడ భయం ఆవిడకే పోతుంది, పోకపోతే ఆ కాగితాన్ని డాక్టర్‌కి చూపించండి. కిడ్నీ సమస్య ఉన్నవారికి ఈ సలహా వర్తించదు, వాళ్లకు పండ్లలో పొటాషియం లెక్క వేరే ఉంటుంది.

పండులో ఉన్న మొక్క పదార్థాలన్నీ మనకు చుట్టాలేమీ కావు. లక్ష్మణ ఫలం క్యాన్సర్‌ను మాయం చేస్తుందని మీకూ మెసేజ్ వచ్చే ఉంటుంది. గ్వాడలూప్ అనే కరీబియన్ దీవిలో ఆ పండునూ దాని ఆకు కషాయాన్నీ ఎక్కువగా వాడేవారిలో చేతులు వణికించే పార్కిన్సన్స్‌ను పోలిన ఒక మొండి జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లోనే డాక్టర్లు రాశారు. ఎప్పుడో ఒక ముక్క తింటే ఏమీ కాదు. రోజూ మందులా తాగడమే తప్పు.

ఇక మీ పెరటి చెట్టు. ఉచితంగా వచ్చేదే అయినా, మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదే. పంపర పనసకు దగ్గర చుట్టం గ్రేప్‌ఫ్రూట్. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఒక బీపీ మందుకూ మద్యానికీ పడుతుందా అని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపింది. తీరా చూస్తే రక్తంలో మందు మోతాదు లెక్కకు మించి కనిపించింది. కారణం మద్యం కాదు, ఆ రసం. అందులోని ఫ్యురానోకూమరిన్లు పేగులో మందులను విడగొట్టే ఎంజైమ్‌ను, మీ సీసా గురించి చెప్పినప్పుడు చెప్పానే, దాన్నే దెబ్బతీస్తాయి. ఒక రోజుకు పైగా ఆ ప్రభావం ఉంటుంది కాబట్టి పండు పొద్దున, మాత్ర రాత్రి అన్నా తప్పించుకోలేరు. ఆ పదార్థాలు పంపర పనసలోనూ ఉన్నాయి. అటోర్వాస్టాటిన్ రక్తంలో పెరిగితే కండరాల నొప్పుల దగ్గర మొదలై పెద్ద ఇబ్బంది దాకా పోవచ్చు. కొన్ని బీపీ మాత్రలతోనూ ఇదే గొడవ. అందరికీ ఒకేలా జరగదు, ఎప్పుడో రెండు తొనలు తింటే ఏమీ కాకపోవచ్చు. రోజూ తినడం మాత్రం మొదలుపెట్టకండి. ఈలోగా కాళ్లూ తొడలూ కారణం లేకుండా నొప్పి పుడితే వయసు మీద వేసి ఊరుకోకుండా చెప్పండి. ఈ పండుతో గొడవ లేని రోసువాస్టాటిన్ లాంటి మాత్రలు ఉన్నాయి, మార్చాలా వద్దా అన్నది డాక్టర్‌గారి నిర్ణయం. చెట్టుకు ఈ ఏడు కాయలు పండేలోపే మీ రెండు మాత్రల పట్టీలూ, బీరువాలోని ఒక సీసా కూడా పట్టుకెళ్లి చూపించి అడగండి.